మైకులో చదివిన జాబితా

మొన్న కర్నూలులో మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. శాఖా గ్రంథాలయంలో కొత్తగా ఉద్యోగం వచ్చిందట, చేరి ఇంకా నెల కూడా కాలేదు. ఆ ఉత్సాహం చూస్తే ముచ్చటేసింది. సంచిలోంచి నోటుబుక్కు తీసి ఒళ్లో పెట్టుకుని, "మేడం, ఆడవాళ్లు తప్పకుండా చదవాల్సిన రచయిత్రుల పుస్తకాలు ఒక లిస్టు చెప్పండి. మా ఊర్లో వచ్చినోళ్లందరికీ అవే ఇస్తాను" అంది.

నేను మజ్జిగ ఇచ్చాను గానీ లిస్టు ఇవ్వలేదు. లిస్టులు మానేసి చాలా ఏళ్లయిందని చెప్పాను. ఎందుకు మానేశారని వదలకుండా అడిగితే, జరిగింది చెప్పాను. విన్నాక నోటుబుక్కు మూసేసి, "ఇది మీరు రాయండి మేడం, ట్రైనింగులో మాకు ఇట్లాంటివేవీ చెప్పలేదు" అంది. ఈ రాతకు కారణం ఆ అమ్మాయే.

ముప్పై రెండేళ్లు కర్నూలు, కడప జిల్లాల్లో గ్రంథపాలకురాలిగా పనిచేశాను. ఏ గ్రేడు ఎప్పుడొచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అనేవి ఇక్కడ రాయను. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన మీకూ అవన్నీ వస్తాయి, మీరూ తిట్టుకుంటారు. రచయిత్రుల పుస్తకాలు ఆడవాళ్ల చేతికి చేర్చడమే నా అసలు పని అనుకుని బతికాను. అలాంటి నా వల్లే ఒకామె చేతిలోంచి పుస్తకం పోయింది. ఆమె పేరు లక్ష్మీదేవి. నేత ఊరి మనిషి. ఆమె పుస్తకం మళ్లీ ఆమెకు చేరిందా లేదా అన్నది నా ఉద్యోగం మొత్తంలో నాకు నిద్ర పట్టనివ్వని ఒకే ఒక్క సంగతి. అక్కడికి వచ్చేలోపు రెండు మూడు మాటలు చెప్పాలి. లేకపోతే అంత తెలివితక్కువ పని ఎందుకు చేశానో మీకు అర్థం కాదు.

ఊరగాయల పక్కన

నేను చేరింది కర్నూలులో. అక్కడ మా పెద్దసారు "స్త్రీల విభాగం" అని ఒక ఇనప బీరువా పెట్టించారు. వంటలు, అల్లికలు, ముగ్గులు, గర్భిణీ స్త్రీల జాగ్రత్తలు, వాటి మధ్యలో రచయిత్రుల నవలలు. చదువుకుంటానని ఇంట్లో అందరికీ ఎదురు తిరిగిన ఒక బాలవితంతువు కథ, దాన్ని ఆనుకుని ఊరగాయల పుస్తకం. నాకు ఒళ్లు మండింది. వయసు అలాంటిది. వెళ్లి అడిగాను.

"ఆడవాళ్లు రాసినవి ఆడవాళ్లే కదమ్మా చదివేది. అన్నీ ఒకచోట ఉంటే వాళ్లకు సుళువు" అన్నారు సారు.

ఆయన చెడ్డవాడు కాడు. పొద్దున్నే అటెండరు కంటే ముందొచ్చి, తువ్వాలు పెట్టి బీరువాలన్నీ తానే తుడిచేవారు. "దుమ్ము తుడిస్తేనే తెలుస్తుందమ్మా, ఏ పుస్తకం కదలడం లేదో. రిజిస్టరు చెప్పదు" అనేవారు. ఈ ఒక్క అలవాటు మాత్రం ఆయన దగ్గర నుంచి నేను చివరిదాకా ఉంచుకున్నాను. మీరూ నేర్చుకోండి.

ఆయన బదిలీ అయిన వారంలోనే ఆ నవలలన్నీ తీసి మామూలు నవలల వరసలో పెట్టేశాను. విప్లవం తెచ్చినంత గర్వం. నెల తిరిగేసరికి చూస్తే, వాటిలో ఒక్కటీ కదల్లేదు. మొదట నాకు అర్థం కాలేదు. ఒకరోజు ఒక టీచరమ్మ వచ్చి ఖాళీ బీరువా ముందు నిలబడి దిక్కులు చూస్తుంటే, "అన్నీ అటువైపు ఉన్నాయమ్మా" అన్నాను. ఆమె అటు చూసింది. అక్కడ నలుగురు మగవాళ్లు పేపర్లు చదువుతూ ఆ వరసకు వీపులు ఆనించి కూర్చున్నారు. వాళ్లను లేవమని అడిగి, తొంగి చూసి, పుస్తకం తీసుకోవాలి. ఆమె ఒక వంటల పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది.

సారు సగం తప్పు, నేను సగం తప్పు. ఆ తర్వాత ఏ ఊర్లో పనిచేసినా ప్రతి నవలా రెండు కాపీలు తెప్పించి, ఒకటి ఇటు, ఒకటి అటు పెట్టేదాన్ని. సిద్ధాంతం ఎంత గొప్పదైనా, పుస్తకం దగ్గరికి నడిచి వెళ్లాల్సింది మనిషి కాళ్లే కదా.

లారీ క్యూలో నవల

అటు పెట్టిన కాపీ మగవాళ్లకు దొరికింది. ఇది నేను ఊహించని లాభం.

ఎర్రగుంట్ల దగ్గర పనిచేసినప్పుడు ఒక లారీ డ్రైవరు వచ్చేవాడు. సిమెంటు ఫ్యాక్టరీ ముందు లోడు కోసం లారీలు ఒక్కోసారి రెండు రోజులు వరసలో నిలబడేవి. అతనికి కావాల్సింది లావుపాటి పుస్తకం, అంతే. "సన్నవి వద్దు మేడం, తాడిపత్రి దాటకుండానే అయిపోతాండాయి" అనేవాడు. ఒకసారి అతనే వెతుక్కుని, లావు చూసి ఒక నవల తీసుకెళ్లాడు. రాసింది ఆడమనిషి అని చూసుకోలేదు. ఇరవై ఏళ్లు మాట్లాడకుండా కాపురం చేసిన ఒకామె, ఒకరోజు మాట్లాడటం మొదలుపెట్టిన కథ అది.

పది రోజులకు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పోకుండా నిలబడ్డాడు.

"మేడం, ఇది రాసినామె మా ఇంటికి ఎప్పుడన్నా వచ్చిందా?"

"ఎందుకప్పా?"

"మా ఇంటామె మాటలు అట్లే ఉండాయి ఇందులో. ఆమె నాతో శానా దినాల నుంచి మాట్లాడేది లేదు. నేను రోడ్డు మీద ఉంటా కదా అనుకుంటి." పుస్తకాన్ని నా వైపు జరిపి, "ఇట్లాంటిదే ఇంకొకటియ్యండి. కానీ మేడం, నన్ను ఇంత తిట్టనిది" అన్నాడు.

తిట్టనిది వెతకడానికి నాకు వారం పట్టింది. ఆడవాళ్ల పుస్తకం ఆడవాళ్లకే అని ఎవరైనా అంటే ఇప్పటికీ ఆ లారీ డ్రైవరే గుర్తొస్తాడు.

షాహీన్ అడిగిన ప్రశ్న

రిటైరయ్యే ముందు మళ్లీ కర్నూలుకే వచ్చాను. అప్పటికి నాకు మంచి పేరు. ఏ పాత రచయిత్రి నవల అడిగినా నిద్రలో లేపినా చెబుతాను. షాహీన్ అనే అమ్మాయి ఓర్వకల్లు విమానాశ్రయంలో కౌంటరు దగ్గర పనిచేసేది. సెలవు రోజు స్కూటీ మీద వచ్చేది. ఆమెకు నా దగ్గరున్న అన్నిటికంటే గొప్పదాన్ని, పాత తరం నవలను, ప్రసాదం పెట్టినట్టు చేతిలో పెట్టాను.

తిరిగిచ్చేటప్పుడు ముఖం ముడుచుకుని, "బాగుండాది మేడం. కానీ ఇది మా నానీ కత, అమ్మమ్మ కాలంది. ఇందులో ఆమెను చదువుకోనీకే ఇయ్యరు. నేను చదువుకున్నా, ఉద్యోగం చేస్తాండా. నన్ను చూసేదానికి వచ్చినోళ్లు ‘షిఫ్టులుంటాయా, మానేస్తావా’ అని అడుగుతాండారు. నా కత యాడుంది?" అంది.

నా చదువు నా యవ్వనంతోనే ఆగిపోయిందని ఆ రోజు తెలిసింది. తర్వాత రచయిత్రులు రాయడం ఆపలేదు, నేను చదవడం ఆపాను. సిగ్గేసింది. ఆ సాయంత్రం నుంచి పత్రికల్లో కొత్తగా రాస్తున్న అమ్మాయిల కథలు వరసగా చదవడం మొదలుపెట్టాను. ఊరి చివర బోరింగు దగ్గర తమ బిందె వంతు రాని ఆడవాళ్ల కథలు, పాతబస్తీ ఇళ్లలో బురఖా తీసి నవ్వుకునే అక్కచెల్లెళ్ల కథలు, హాస్టలు వార్డెను కథలు. కొన్ని నాకు నచ్చలేదు. నచ్చకపోయినా ఇచ్చాను. నచ్చాల్సింది నాకు కాదు.

షాహీన్ అలాంటి ఒక సంపుటి పట్టుకెళ్లి, మళ్లీ వచ్చి నేను మొదట ఇచ్చిన పాత నవలే అడిగింది. "ఈ కొత్తదాంట్లో పిల్లకు అంత కోపం యాడ నుంచి వచ్చిందో, మా నానీ పుస్తకం మళ్లా చదివితే తెలుస్తాదేమో" అంది. క్లాసిక్ అని మనం పైన కూర్చోబెట్టినవాటికి దారి ఇటు నుంచే ఉంది. ముందు ఈనాటిది ఇవ్వండి. పాతదాని దగ్గరికి వాళ్లే నడిచి వెళ్తారు.

వసారాలో

ఇక లక్ష్మీదేవి. ఇది షాహీన్ కంటే చాలా ముందు, కడప జిల్లాలో ఒక నేత ఊర్లో పనిచేసినప్పటి సంగతి. ఊరి పేరు రాయను. రాస్తే ఇల్లు తెలిసిపోతుంది.

లక్ష్మీదేవి ఏడో తరగతి దాకా చదివింది. భర్త వెంకటేశు ఇంట్లోనే గుంతమగ్గం మీద చీరలు నేసేవాడు. గ్రంథాలయం కార్డు ఆమె పేరుతోనే ఉండేది. మొదట్లో ఆమెకు నేను ఇచ్చినది, భార్య అర్ధరాత్రి కట్టుబట్టలతో ఇల్లు వదిలి వెళ్లిపోయే నవల. చదివి ఆమె జీవితం మారిపోతుందని నా ఆశ. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారే, అలాంటి దురద నాది.

రెండు వారాలకు తిరిగిచ్చింది. ఎలా ఉందని అడిగాను.

"బాగుంది మేడం. పోయినాది సరే. పొద్దున్నే ఏం తినింది?"

"ఏమిటి?"

"ఇల్లిడిచి పోయినాది కదా. ఆ పొద్దు యాడ పండుకునింది, తెల్లారి ఎవురు అన్నం పెట్టినారు, అది రాయలేదే ఆ యమ్మ. అది కదా మాకు తెలియాల్సింది" అంది లక్ష్మీదేవి.

నేను చదివిన ఏ విమర్శా ఆ నవలను అంత సూటిగా పట్టుకోలేదు. అప్పటి నుంచి ఆమె ఏం చెబుతుందా అని ఎదురుచూసేదాన్ని. గడప దాటిన ఆడది దాటాక ఎలా బతికిందో చెప్పే పుస్తకాలు ఏరి ఏరి ఇచ్చాను.

ఒక్కటే ఇబ్బంది. రెండు వారాలకు ఇచ్చిన పుస్తకం రెండు నెలలకు గానీ తెచ్చేది కాదు. ఒకసారి గట్టిగా మందలించాను కూడా. చివరికి ఒక మధ్యాహ్నం, పుస్తకం నేనే తెచ్చుకుందామని ఇంటికి వెళ్లాను.

వసారాలో ఆరుగురు ఆడవాళ్లు రాట్నాల ముందు కూర్చుని కండెలు చుడుతున్నారు. మగ్గం మీద అడ్డంగా నేసే పేక దారం ఆ కండెల నుంచే అందాలి. అందులో ఒకామె లక్ష్మీదేవి అత్త ఓబులమ్మ. మిగతావాళ్లు ఇరుగుపొరుగు. లక్ష్మీదేవి ముందు మాత్రం రాట్నం లేదు. గోడకు ఆనుకుని, లోపలి మగ్గం చప్పుడు మీద వినపడేట్టు గొంతెత్తి చదువుతోంది.

తర్వాత తెలిసింది. ఒక చేత్తో రాట్నం తిప్పి, రెండో చేత్తో దారం పట్టాలి. పుస్తకం పట్టడానికి మూడో చెయ్యి లేదు. అందుకని ఒకరు చదవాలి, ఆమె వంతు కండెలు మిగిలినవాళ్లు తలా రెండు ఎక్కువ చుట్టాలి. ఎవరు పెట్టిన కట్టుబాటో ఎవరికీ తెలియదు. రోజుకు నాలుగైదు పేజీలు. మధ్యలో వాదనలు. నా రిజిస్టరులో ఒకే ఒక పేరు, ఇక్కడ ఆరు రాట్నాలు. లోపల వెంకటేశు కూడా వింటున్నట్టుంది, కథ బిగువుగా ఉన్నచోట మగ్గం ఆగిపోతోంది.

నేను పుస్తకం అడగలేదు. కూర్చుని విన్నాను. కళ్లు తడి అయ్యాయి. నేను చదివించాననుకున్నది ఒక్కరిని. ఇక్కడ ఒక వసారా మొత్తం చదువుతోంది. ఆ ఆనందం నన్ను పాడు చేసింది.

వారోత్సవం

నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి కదా. ఆ సంవత్సరం "ఉత్తమ పాఠకురాలు" బహుమతి పెట్టాను. ఎవరికో వేరే చెప్పక్కర్లేదు. లక్ష్మీదేవికి "నీకు బహుమతి ఉంది, అందరూ రండి" అని మాత్రం చెప్పాను. ఏం చేయబోతున్నానో ఆమెకు చెప్పలేదు, సరేనా అని అడగలేదు.

గ్రంథాలయం ముందు షామియానా, మైకుసెట్టు, ఊరి పెద్దలు. వెంకటేశు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక నిలబడ్డాడు, ముఖంలో సంతోషం కనపడుతూనే ఉంది. బహుమతి ఇచ్చే ముందు నేను మైకు తీసుకుని, ఆమె ఎంత గొప్ప పాఠకురాలో రుజువు చేయాలని, రిజిస్టరులోంచి రాసుకున్న కాగితం తీసి ఆమె చదివిన పుస్తకాల పేర్లు ఒక్కొక్కటీ చదివాను. ఒకదాని పేరులో గడప ఉంది. ఒకదానిలో సంకెళ్లు. ఒకదానిలో మొగుడు. ఇంకొకదాని పేరే "వద్దు" అనే అర్థం వచ్చేది. విడివిడిగా అవి మంచి పుస్తకాలు. మైకులో వరసగా వింటే మాత్రం, ఫలానా ఇంట్లో కోడలు ఇల్లు వదలడానికి మూట కట్టుకుంటోందని దండోరా వేసినట్టే ఉంది.

వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు చప్పట్లలాగే వినిపించింది. అయ్యవారిని చేయబోతే కోతి అయిందని అర్థమవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

టీ అంగడి దగ్గర వెంకటేశును "ఏమప్పా, మీ ఇంటామె గడప ఇంగా ఈ పక్కనే ఉండాదా, దాటిందా?" అని అడిగారట. నూలు తెచ్చుకోవడానికి వెళ్లినచోట "వాళ్లింట్లో పుస్తకాలు చదువుతారప్పా, కాస్త సూసి మాట్లాడు" అన్నారట. మూడో రోజు పొద్దున అతను వచ్చాడు. కార్డు, పుస్తకం బల్ల మీద పెట్టాడు. పుస్తకం సగం దగ్గర ఒక నీలం దారం పెట్టి ఉంది, అక్కడిదాకా చదివారు. వెంటనే మెట్లు దిగి వెళ్లిపోయాడు. మాకు అందరూ పుస్తకాలు ఎగ్గొడతారు గానీ, సగంలో తెచ్చి ఇచ్చినవాళ్లు లేరు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వసారాలో రాట్నాలు తిరుగుతున్నాయి. లక్ష్మీదేవి కూడా రాట్నం ముందే ఉంది.

క్షమాపణ అడిగాను. వెంకటేశు మర్యాదగానే మాట్లాడాడు. "చదివితే నాకేం బాధ లేదు మేడం. నేనూ వింటాంటి. ఇన్ని దినాలు అది మా ఇంట్లో మాట. మీరు మైకులో పెడితిరి, ఊరి మాటయ్యింది. ఇప్పుడు నేను మళ్లా పుస్తకం తెచ్చిస్తే, వీడే గడప దాటిస్తాండాడు అంటారు. మీకు బదిలీ వస్తే పోతారు. మేము ఈడే ఉండల్ల."

నన్ను సాగనంపడానికి లక్ష్మీదేవి వాకిలి దాకా వచ్చింది. "మీరు మంచికే చేసినారు మేడం. కానీ నన్నొక మాట అడిగింటే బాగుండు" అంది. కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని. దారిలో ఏడ్చాను.

కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేది ఇదే. వైద్యుడు రోగం పేరు వీధిలో అరవడు. ఎవరు ఏం చదువుతున్నారో అదీ అలాంటిదే. ఆడమనిషి విషయంలో ఇంకా. ఆమె చదివిన పుస్తకం ఆమె లోపల ఏం చేస్తోందో ఆమెకే తెలియని రోజులుంటాయి, దాన్ని మనం బయటపెట్టకూడదు. రిజిస్టరు బల్ల మీద తెరిచి ఉంచకండి. ఒకరి ముందు ఇంకొకరితో "మీ చెల్లెలు ఇది చదివింది" అని కూడా అనకండి. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు, అదీ మైకే. స్త్రీవాద సాహిత్యం ప్రచారం చేస్తున్నామన్న మన గర్వం కోసం ఒకరి కాపురాన్ని పోస్టరు చేయకూడదు. ఇవన్నీ నాకు తెలియక కాదు, నా గొప్ప నాకు ఎక్కువై చేశాను.

ఓబులమ్మ

ఆ తర్వాత మూడు వారాలు నేను ఆ నీలం దారం పుస్తకాన్ని బీరువాలో పెట్టలేదు. నా సొరుగులోనే ఉంచుకున్నాను. ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. దుమ్ము తుడిచేటప్పుడు రోజూ లక్ష్మీదేవి గుర్తొచ్చేది. ఇక ఆమె రాదని, వసారాలో ఇక ఎవరూ చదవరని ఒప్పుకున్నాను.

ఒక మధ్యాహ్నం గ్రంథాలయం మెట్ల మీద ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు. చూస్తే ఓబులమ్మ. లక్ష్మీదేవి అత్త. పేపర్లు చదువుతున్న మగవాళ్లంతా తలలెత్తారు. ఆమె ఎవరినీ చూడకుండా నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. నన్ను తిట్టడానికి వచ్చిందనుకుని లేచి నిలబడ్డాను.

"పాపా, నాకొక కార్డు గావల్ల" అంది.

"నీకా అవ్వా? నీకు చదువొచ్చా?"

"అక్షరం ముక్క రాదు. రాకుంటే ఇయ్యరా?"

సభ్యత్వానికి చదువు రావాలని ఏ నిబంధనలోనూ లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ ఎప్పుడూ చూడలేదు.

"ఇస్తాం అవ్వా. కానీ ఇంటి పన్ను కట్టేవాళ్లు ఎవరైనా పూచీ సంతకం పెట్టాలి. వెంకటేశు పెడతాడా?"

"వాడెందుకు? ఇల్లు నా పేరు మీద ఉండాది. మా నాయన పోతా పోతా నాకే రాసిచ్చినాడు. పన్ను నా పేరునే వస్తాది. యాడెయ్యల్ల వేలిముద్ర?"

ఫారం తీశాను. సిరా పెట్టె మూత తీస్తూ, "అవ్వా, వెంకటేశు ఏమంటాడో" అన్నాను.

"ఏమంటాడు? కార్డు నాది, పుస్తకం నాది. ముసిల్దానికి కోడలు కత చదివి పెడితే ఊర్లో ఎవురన్నా నగుతారా? నగితే నా దగ్గరికి రమ్మను" అంది. పేపర్లు చదివేవాళ్ల వైపు ఒకసారి తిరిగి చూసింది. వాళ్లు మళ్లీ పేపర్లలో తలలు పెట్టేశారు.

వేలిముద్ర వేశాక కుర్చీలో కూర్చుంది. నేను తెచ్చిచ్చిన నీళ్లు తాగింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఆ పుస్తకం ఉండాదా? సగంలో వచ్చేసింది, అది."

ఆ నవల ఏమిటో నాకు తెలుసు. అక్క చనిపోతే, అక్క బిడ్డను సాకడానికని ఒక పిల్లను బావకే ఇచ్చి పెళ్లి చేస్తారు. కొన్నేళ్ల తర్వాత ఆ పిల్లకు పంతులమ్మ ట్రైనింగుకు రమ్మని కాగితం వస్తుంది. నీలం దారం సరిగ్గా అక్కడ ఉంది.

"నన్నూ అట్లే ఇచ్చినారు పాపా" అంది ఓబులమ్మ. "మా యక్క పోయి నెల తిరగలేదు. వెంకటేశు అప్పుడు పాకుతాండె. వాణ్ని కనింది మా యక్క, సాకింది నేను. నన్ను ఎవురూ అడగలే. నేనూ ఎవురికీ చెప్పలే. ఇన్నేండ్లూ అది నాకొక్కదానికే అయిందనుకుంటి. ఆ పుస్తకంలో నా మాదిరే ఇంగొకతి ఉండాది. ఆ పిల్లకు కాయితం వచ్చినాది కదా, ఆడ నిలిచిపోయింది. పోయినాదో లేదో తెలీక, మూడు వారాల నుంచి నాకు చెయ్యి ఆడడం లేదు."

ఆ నవల నేను మూడుసార్లు చదివాను. ముగింపు నాకు కంఠతా వచ్చు. ఈ ముసలామెను ఇంకొక్క నిమిషం కూడా ఆ గడప మీద నిలబెట్టి ఉంచకూడదనిపించింది. సొరుగులోంచి పుస్తకం తీస్తూ, "అవ్వా, నేను చెబుతాను విను. ఆ పిల్ల ఆ కాగితం తీసుకుని" అంటున్నాను.

ఓబులమ్మ సిరా అంటిన చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు చెప్పాకు. నువ్వు చెప్పేది ఒకసారి విన్న్యాం కదా, సాలు. మా లక్ష్మి చదవల్ల, నేను వినల్ల."

నేను నోరు మూసుకుని పుస్తకం ఆమె చేతిలో పెట్టాను.